గుండీ కింది రంగు

పోయిన వారం కథ ఎక్కడ ఆపానో ముందు చెప్తాను, కొత్తగా అందుకున్నవాళ్ళు కూడా ఉంటారు కదా. మా లుకే ఊళ్ళో, రైలు పట్టాల పక్క పేటలో ఉన్న బడికి అరవై ఏళ్ళ కిందట బొలీవియాతో జరిగిన చాకో యుద్ధపు వీరుడు సాతుర్నినో బొగాదో పేరు పెడుతున్నారు. జూన్ పన్నెండున, యుద్ధం ఆగిన రోజున, పండగ. ఆ రోజు బడి గుమ్మంలో అద్దాల పెట్టె పెడతారు. అందులో ఆయన తొడుక్కున్న అసలు కోటు, దాని పక్కన అదే కోటు తొడుక్కున్న ఆయన బొమ్మ ఉంటాయి. తగరంతో పోత పోసిన బొమ్మ, నా బొటనవేలంత ఉంటుంది. దానికి రంగులు వెయ్యడం నా పని. నా పేరు ఎదువిహిస్. ముప్పై ఏళ్ళు కట్టుడు పళ్ళు చేశాను, ఇప్పుడు సిపాయి బొమ్మలకి నూనెరంగులు వేసుకుంటున్నాను. పండగ కమిటీ పెద్ద సిరీలో గారు, రిటైరైన నోటరీ, నేను వేసిన మొదటి బొమ్మని కోటు పక్కన పెట్టి, కళ్ళజోడు ముక్కు చివరికి లాక్కుని, పదిమంది ముందూ అన్నాడు: "ఎదువిహిస్ గారూ, ఇది ఆ పచ్చ కాదు." ఆయన నోట్లో పైవరస నేను కట్టిందే. ఆ పళ్ళతోనే అన్నాడు.

ఉక్రోషం వచ్చింది. దాచుకోవడమెందుకు?

తప్పు నాదే అనుకోండి. ఆలివ్ పచ్చ అంటే నాకు కంఠతా వచ్చు. ఓకర్ పసుపులో దంతపు నలుపు కొంచెం కొంచెంగా కలుపుకుంటూ పోతే తనంతట తనే పచ్చకి తిరుగుతుంది. దాంట్లో సూదిమొనంత ప్రష్యన్ నీలం, చిన్న బొమ్మ కాబట్టి ఒక మెట్టు తేలిక చెయ్యడానికి కాస్త తెలుపు. పచ్చరంగు ట్యూబు ముట్టుకునే పనే లేదు. ఇది తెలియనివాళ్ళు ట్యూబు పిండేసి సిపాయిని చిలకని చేస్తారు. నాకు తెలుసు కనకే కోటు వంక సరిగ్గా చూడకుండా వేసేశాను. పెద్దాయన చూశాడు.

మంగళవారం మధ్యాహ్నం రంగుల పెట్టె పట్టుకుని లిబ్రాదా ఇంటికి వెళ్ళాను. పండగ ఇంకా పది రోజులు. నూనెరంగు ఆరడానికి వారం కావాలి. బిస్కెట్ డబ్బాలో బొమ్మని నిలబెట్టి పైన బల్బు వెలిగిస్తే నాలుగు రోజులకి ఆరుతుంది, అంతకన్నా తొందరపెడితే పగుళ్ళిస్తుంది. ఆ రోజు రంగు కుదరకపోతే ఇక కుదిరినా లాభం లేదు. పైగా సిరీలో గారు నాలుగింటికి వచ్చి రంగు చూసి తల ఊపుతానన్నాడు.

లిబ్రాదా ఆ వీరుడి ఒక్కగానొక్క కూతురు. యాభై రెండేళ్ళు. ఆ బడిలోనే పిల్లలకి మధ్యాహ్నం వంట చేస్తుంది. ఇంట్లో ఇంకొకరు వాళ్ళమ్మ తొమాసా పెద్దమ్మ, ఎనభై నాలుగేళ్ళు. దక్షిణపు కిటికీ దగ్గర ఊగుడు కుర్చీలో కూచుని చేటలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఆవిడకి చెవులు పోయి పదేళ్ళయింది. తనకి తను వినపడదు కాబట్టి మనకీ వినపడదనుకుని అరుస్తుంది.

"వచ్చావా పళ్ళామె! చిక్కిపోయావే!" అంది. వీధి చివర కుక్క మొరిగింది.

నేను బల్ల కిటికీ దగ్గరకి లాక్కుని, కోటు పరిచి, తెల్ల పలక తీశాను. పళ్ళ రంగులు చూసుకునే పాత పలక అది, పింగాణీది. రంగులు ముందు అట్టముక్క మీద పిండి కాసేపు వదిలేశాను. అట్ట నూనె పీల్చేస్తుంది. లేకపోతే చాకో ఎడారిలో దాహంతో పోయిన సిపాయి పట్టుబట్టలు కట్టుకున్నట్టు మెరుస్తాడు.

కలిపాను. పలక అంచు కోటుకి ఆనించి చూశాను. కాదు. ఓకర్ పెంచాను. కాదు. నలుపు మానేసి అంబర్ గోధుమరంగు వేశాను. ఉహూ.

లిబ్రాదా కోసీదో కాచి తెచ్చింది. పంచదారా యెర్బా ఆకూ కలిపి నిప్పుకణికతో మాడ్చి పాలు పోసిన వాసన ఇల్లంతా కమ్ముకుంది.

"అక్కా, ఎంతసేపు కలుపుతావు? పిండైతే ఈపాటికి రొట్టెలయ్యేవి."

"నీ కోటే నన్ను తిప్పలు పెడుతోందే."

"కోటుకేమొచ్చింది? నాన్న పోయాక కమిటీ అడిగేదాకా పెట్టెలోంచి తియ్యనైనా లేదు."

"ఇలా రా. ఈ మోచెయ్యి చూడు. ఇప్పటికి పదకొండు చాకో కోట్లు చూశాను నేను. ఆలివ్ పచ్చ వెలిస్తే ఎండుగడ్డి రంగుకి తిరుగుతుంది. పదకొండూ అలాగే తిరిగాయి. ఇది ఇటుకపొడి రాలినట్టు గోధుమకి తిరిగిందేం?"

"ఏ కంపెనీ గుడ్డో."

"ఒకే గుడ్డ, ఒకే మిల్లు, ఒకే రంగు. అప్పుడు మన దగ్గర రెండో రకం ఎక్కడేడిసింది?"

గేటు దగ్గర ఎవరో వచ్చారన్నట్టు చప్పట్లు వినపడ్డాయి, మాకు తలుపు కొట్టే అలవాటు లేదు. ఇద్దరం గడియారం చూశాం. రెండుంపావే. చిపాలు, అదే జున్ను రొట్టెలు, అమ్మే ఆమె. లిబ్రాదా వెళ్ళి నాలుగు వేడి చిపాలు తెచ్చి, ఒకటి అమ్మ ఒళ్ళో పెట్టి, ఒకటి నా చేతికిచ్చింది. తింటూ కోటు వంకే చూస్తూ కూచున్నాను. ముప్పై ఏళ్ళు ఒక పన్ను పక్కన ఇంకో పన్ను ఇమిడేలా రంగు కలిపినదాన్ని. పన్ను రంగు పైన ఉండదు, లోపల్నించి వస్తుంది. లోపల ఏముందో తెలియకపోతే పైరంగు చచ్చినా కలవదు. ఈ మాట తట్టడానికి నాకు చిపా మొత్తం పట్టింది.

"లిబ్రాదా, ఒక గుండీ తియ్యాలి."

"ఏంటీ?"

"రెండో గుండీ. దాని కింద ఎండ పడదు. అసలు రంగు అక్కడుంటుంది."

ఆమె చిపా కింద పెట్టేసింది. "అది నాన్న కోటు గుండీ. అరవై ఏళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు."

"మళ్ళీ కుట్టేస్తాను. నోట్లో పళ్ళు కట్టినదాన్ని, కోటుకి గుండీ కట్టలేనా?"

"సిరీలో గారికి తెలిస్తే చంపేస్తాడు."

"ఆయన కొరికితే పళ్ళు నావే కదా, నేను చూసుకుంటాలే."

నవ్వింది. నవ్వుతూ ఒప్పుకుంది. తర్వాత చాలాసార్లు అనుకున్నాను, ఆ హాస్యం ఆడకుండా ఉంటే బావుండేదని.

దారం గట్టిగా ఉంది. నాలుగు పేటలు వేసి, గుండీ అడుగున చుట్టి చుట్టి బిగించి కట్టారు. చిన్న కత్తితో ఒక్కో పేటా తెంపాను. గుండీ ఊడి చేతిలోకి వచ్చింది. కింద ముదురు పచ్చ ఉంటుందనుకున్నాను. లేదు. వేలిగోరంత గుండ్రటి మచ్చ, మట్టిరంగు. అంచులో పచ్చ కొద్దిగా లోపలికి పాకి ఆగిపోయింది.

మెడపట్టీ తిప్పి, మడత కుట్టు రెండంగుళాలు విప్పాను. మడత బిగువుగా ఉన్న మూల లోపల అదే మట్టిరంగు.

"వెలిసిపోయింది పాపం," అంది లిబ్రాదా.

"ఎండ తగలని చోట ఎలా వెలుస్తుందే?"

"మరి?"

"గుడ్డకి దారం బిగించి కట్టి రంగునీళ్ళలో ముంచితే ముడి లోపలికి రంగెక్కదు. మీ బడిపిల్లలు చొక్కాలకి చేస్తారు చూడు, అలాగ. ఈ కోటు కుట్టాక ఎవరో పచ్చరంగులో ముంచారు. అంతకుముందు ఇది మట్టిరంగు కోటు."

చెప్పేశాకే నా మాటకి అర్థమేమిటో నాకు తట్టింది. మట్టిరంగు ఎవరిదో మా దేశంలో ఒకటో తరగతి పిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. మావాళ్ళది ఆలివ్ పచ్చ. మట్టిరంగు అవతలివాళ్ళది, బొలీవియా వాళ్ళది. మూడేళ్ళు ముళ్ళపొదల్లో ఆ రెండు రంగులూ ఒకదాన్నొకటి వెతుక్కుని కాల్చుకున్నాయి.

లిబ్రాదా ఆ మచ్చ మీద బొటనవేలు పెట్టి రుద్దింది. ఉమ్మి తడి చేసి మళ్ళీ రుద్దింది. పోలేదు.

"నాన్న లాక్కునుంటాడు," అంది. "చచ్చిన బొలీవియా వాడి ఒంటిమీంచి. చలికి. చాలామంది చేశారట కదా."

"చేశారు."

"తొడుక్కున్నాక మనవాళ్ళే పొరపాటున కాల్చకుండా పచ్చరంగు వేయించుకునుంటాడు."

"అయ్యుండచ్చు." నిజంగానే అయ్యుండచ్చు. నాకు అదే నమ్మాలనిపించింది. నాకెందుకొచ్చిన గొడవ చెప్పండి? రంగు కలుపుకునేదాన్ని. "అదే అయ్యుంటుంది, లిబ్రాదా," అన్నాను.

ఆమె మాత్రం అక్కడితో ఆగలేదు. నేను ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు, దేవుడి మీద ప్రమాణం. తనే తవ్వుకుంది.

"నాన్న ఏనాడూ కవాతుకి వెళ్ళలేదక్కా. పన్నెండో తారీఖు వచ్చిందంటే గేలం పట్టుకుని సరస్సుకి పోయేవాడు. కాళ్ళు నొప్పులనేవాడు. సరస్సుకి మూడు గంటలు నడిచే పోయేవాడు."

"సిగ్గరి అనుకున్నాం అందరం."

"నాన్న గ్వరానీలో లెక్కపెట్టలేడు." అంది. "చిన్నప్పుడు నేను ఏడిపించేదాన్ని. అయిదు దాకా చెప్పి స్పానిష్‌లోకి దూకేవాడు. పల్లెటూరి సిపాయి. ఇక్కడ పుట్టినవాడికి అమ్మపాలతో వచ్చే భాష. అయిదు దాటలేడు."

నేను గుండీ అరచేతిలో అటూ ఇటూ దొర్లిస్తూ కూచున్నాను. ఊగుడు కుర్చీ కిర్రుకిర్రుమంటోంది. పెద్దమ్మ ఒక్కో చిక్కుడుకాయా చీల్చి గింజలు గిన్నెలోకి తోస్తోంది.

"కుట్టెయ్యి," అంది లిబ్రాదా.

"కుట్టడానికేం. కానీ..."

"కానీ లేదు, గీనీ లేదు! ఇరవై రెండేళ్ళు ఆ బడిలో గరిటె తిప్పాను. ఇరవై రెండేళ్ళూ 'వంటామె' అన్నారు, పేరు కూడా పిలవలేదు. హెడ్మాస్టరమ్మకి ఇప్పటికీ నా ఇంటిపేరు తెలియదు. బడికి నాన్న పేరు పెడతామని ఏప్రిల్లో కాగితం వచ్చిన దగ్గర్నించీ 'వీరుడి కూతురు' అంటున్నారు. నిన్న పిల్లలు పాట సాధన చేస్తుంటే నన్ను వంటింట్లోంచి పిలిచి ముందు వరసలో కుర్చీ వేశారు. నేను ఏప్రన్‌తోనే కూచున్నాను. నీకు అర్థమవుతుందా అక్కా? ఆ కుర్చీ కోసం నేను ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. మా నాన్న ఇచ్చాడు. ఇప్పుడు నువ్వొచ్చి, ఒక గుండీ పీకి..."

ఏడుపు రాలేదామెకి. కోపం వచ్చింది. ఆ కోపం నా మీద కాదని ఇద్దరికీ తెలుసు, అయినా దగ్గర నేనే ఉన్నాను. పడ్డాను.

"సిరీలో గారికి చెప్తావా?"

"నేనెందుకు చెప్తాను?"

"నీ రంగు తప్పని పదిమందిలో అన్నాడుగా. నీ రంగే ఒప్పు. తప్పు కోటుది. చెప్తే నీ మాట నెగ్గుతుంది."

ఆ సంగతి నాకు అంతకుముందే తట్టింది. నిజం చెప్పడానికేం, నోటిదాకా వచ్చింది కూడా. ఆ గుండ్రటి మచ్చ ఆయన కళ్ళజోడు ముందు పెట్టి, "చూడండి నోటరీ గారూ, ఎవరి రంగు తప్పో" అనాలని ఒక్క క్షణం నోరూరింది. సిగ్గేసింది.

"నాకు పళ్ళూ బొమ్మలూ చాలు," అన్నాను. "సూది తీసుకురా."

సూదీ దారం తెచ్చింది. పచ్చదారం ఇంట్లో లేదు, నల్లది వాడాం. ముందు మెడపట్టీ కుట్టేశాను. గుండీ చేతిలోకి తీసుకుని, ఆగాను.

"ఒక్క నిమిషం. రంగు దొరికింది నాకు."

"ఇంకా రంగేమిటక్కా?"

"కింద మట్టిరంగు వేసి, ఆరాక దాని మీద పల్చగా పచ్చ పూత వెయ్యాలి. కోటుకి ఎలా ఎక్కిందో బొమ్మకీ అలాగే. అప్పుడు కలుస్తుంది. దారం పోగు కూడా తేడా రాదు. ఆయన తల ఊపేస్తాడు, పెట్టెలో పెట్టేస్తారు, తాళం పడిపోతుంది."

లిబ్రాదా మళ్ళీ ఆ మచ్చ మీద వేలు పెట్టింది. "లోపల మట్టిరంగు ఉన్న సంగతి మనిద్దరికే తెలుస్తుంది."

"మనిద్దరికే."

"సరే," అంది. వంగి నా నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. ఆ ఇంట్లో ఆ రోజు బాగా జరిగిన పని అదొక్కటే.

నేను పలక తుడిచి మళ్ళీ కలిపాను. ఎడమవైపు మట్టిరంగు, అంటే ఓకర్, తెలుపు, కాల్చిన అంబర్. కుడివైపు పచ్చ. రెండు ముద్దలు, చెరో కందిగింజంత. గుండీ మచ్చకి ఆనించి చూస్తే మట్టిరంగు ఎక్కడ ఆగిందో గుడ్డ ఎక్కడ మొదలైందో నాకే తెలియలేదు. ముప్పై ఏళ్ళ పనిలో అంత చక్కగా కుదిరిన రంగు నాకు గుర్తులేదు. గొప్పలు పోవడం కాదు, సంతోషమేసింది. అంత ఘోరంలోనూ సంతోషమేసింది, ఏం చెయ్యను?

ఆ సంతోషంలో పడి కుర్చీ కిర్రుమనడం ఆగిపోయిందని గమనించలేదు.

పెద్దమ్మ లేచి వచ్చింది. చిక్కుడు తొక్కలు ఒళ్ళోంచి నేల మీద రాలుతున్నాయి. బల్ల పట్టుకుని వంగి పలక వంక చూసింది. ముందు పచ్చముద్ద వంక చూసి, అక్కర్లేనట్టు తల తిప్పుకుంది. తర్వాత మట్టిరంగు ముద్ద చూసింది. ముడతలు పడ్డ చూపుడువేలు అందులో ముంచేసింది, పాయసం రుచి చూడబోయినట్టు.

"ఇదీ!" అంది. అరిచిందనే చెప్పాలి. "ఈ రంగులోనే వచ్చాడు మా ఇంటికి!"

"అమ్మా!" లిబ్రాదా వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుంది. "అమ్మా, కూచో."

"బావి తవ్వడానికి ఖైదీల్ని పంపారు. ముగ్గురొచ్చారు. ఇద్దరు తిన్నారు. ఈయన తినకుండా కూచుని నా వంక చూశాడు!" పెద్దమ్మ మొహంలో నవ్వు. అరవై మూడేళ్ళ నాటి నవ్వు. "రెండు కిలోల యెర్బా ఆకు ఉడకబెట్టాను. తుప్పుమేకులు వేశాను, పచ్చ నిలవాలని. రాత్రికి రాత్రి కోటు ముంచాను. గుండీలు తియ్యలేదే లిబ్రాదా. తీస్తే మళ్ళీ కుట్టడానికి నా దగ్గర దారం లేదు. ఇంట్లో దారంపోగు లేదు!"

నేను గడియారం చూశాను. నాలుగుకి అయిదు నిమిషాలుంది. సిరీలో గారు జీవితంలో ఎక్కడికీ ఆలస్యంగా పోయిన మనిషి కాదు, తొందరగానే పోతాడు.

"లిబ్రాదా, కిటికీ వెయ్యి," అన్నాను.

ఆమెకి నా మాట వినపడలేదు. తల్లి ఎదురుగా మోకాళ్ళ మీద కూచుని, పెదాలు చదివేట్టు మెల్లగా, ఒక్కో మాటా విడదీసి అడిగింది: "అమ్మా. సాతుర్నినో. బొగాదో. ఎవరు?"

గేటు దగ్గర చప్పట్లు. ఒకటి. రెండు. నోటరీ చప్పట్లు, మర్యాదగా, ఎడం ఎడంగా.

లేచి కిటికీ రెక్క పట్టుకున్నాను. చెక్క ఉబ్బి బిగుసుకుపోయింది. కదల్లేదు.

పెద్దమ్మ కూతురి మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. లిబ్రాదా బుగ్గ మీద మట్టిరంగు వేలిముద్ర పడింది.

"సాతుర్నినో నేను పెళ్ళాడాల్సినవాడమ్మా," అంది, వీధంతా వినపడేలా. "అక్కడే ముళ్ళపొదల్లో పోయాడు. పతకం నాకు పంపారు, కాగితాలు పంపారు. అవి ఈయనకిచ్చాను. మీ నాన్న పేరు ఫెర్మిన్ చోకె. బొలీవియా మనిషి. చెప్పద్దన్నాడు, చెప్పలేదు. ఇప్పుడు పోయాడుగా!"

మూడోసారి చప్పట్లు వినపడలేదు.

కిటికీలోంచి చూశాను. గేటు పైన సిరీలో గారి బూడిదరంగు టోపీ. ఆయన రెండు చేతులూ ఇంకా ఎత్తే ఉన్నాయి, మధ్యలో జానెడు ఎడం.